మీ నాణేన్ని గ్రేడింగ్‌కి పంపాలా, వద్దా? ఫీజు కట్టేముందు వరసగా చేయాల్సిన పనులు

పాత నాణెం ఒకటి చేతికి రాగానే చాలామంది మొదట అడిగేది, "దీన్ని గ్రేడింగ్‌కి పంపితే ఎంత పలుకుతుంది?" అని. గ్రేడింగ్ అంటే ఒక సంస్థ ఫీజు తీసుకుని నాణెం అసలైనదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చి చెప్పడం. దానికి పంపేముందు మీరే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఇది అసలైన నాణెమేనా? దీన్ని ఎవరైనా తోమారా? ఈ రెండూ తేల్చుకోకుండా ధరల పట్టిక తెరిస్తే కళ్లు నేరుగా అన్నిటికంటే పెద్ద అంకె మీదకే వెళ్తాయి. ఆ తర్వాత వేసే ప్రతి లెక్కా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

అందుకే ముందు ఇంట్లో చేసుకోగల పరీక్షలు, తర్వాత లెక్క, చివర్లో పంపే పద్ధతి చెబుతున్నాను. ఈ వరస మార్చకండి. మధ్యలో ఎక్కడైనా "వద్దు" అని తేలితే నేరుగా చివరి భాగానికి వెళ్లిపోండి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇళ్లలో ఉండే నాణేల్లో ఎక్కువ భాగం గ్రేడింగ్ ఖర్చుకు తగినవి కావు. తగిన కొద్దిపాటి నాణేలను మాత్రం గ్రేడింగ్ లేకుండా అమ్మితే బాగా నష్టపోతారు. కష్టమంతా ఏది ఏ రకమో తేల్చుకోవడంలోనే ఉంది.

1. ఫీజుకు మీకు దొరికేది ఏమిటి

గ్రేడింగ్ సంస్థ నాణెం అసలైనదో కాదో చూస్తుంది. 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ స్కేల్ మీద గ్రేడ్ ఇస్తుంది. తర్వాత నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి, ఒక సర్టిఫికేషన్ నంబర్ వేస్తుంది. ఈ డబ్బానే స్లాబ్ అంటారు. స్లాబ్‌లో లేని నాణేన్ని ఇక్కడ "విడి నాణెం" అంటున్నాను.

60 నుంచి పైన ఉన్న గ్రేడ్లు చలామణిలో అరగని నాణేలవి. వాటిని ఎంఎస్ 60, ఎంఎస్ 65 అని రాస్తారు. కొద్దిగా మాత్రమే అరిగినవి ఏయూ 50 నుంచి ఏయూ 58 వరకు. ఇంకా అరిగినవి అంతకంటే కింద ఉంటాయి. పక్కపక్కన పెట్టినా ఎంఎస్ 64కీ ఎంఎస్ 65కీ తేడా మామూలు కంటికి ఆనదు. కొన్ని నాణేల్లో ఆ ఒక్క మెట్టు దగ్గరే ధర రెట్టింపు అవుతుంది. ఆశా, నిరాశా రెండూ అక్కడే పుడతాయి.

గ్రేడ్ నాణెం స్థితిని మాత్రమే చెబుతుంది. అది అరుదైనదా, దాన్ని కొనేవాళ్లున్నారా అన్నది వేరే సంగతి. ఎంఎస్ 66 వచ్చినా ఎవరికీ అక్కర్లేని నాణేలు చాలా ఉన్నాయి.

2. ఎందుకు పంపుతున్నారో ఒక్క వాక్యం రాసుకోండి

కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే కారణం రోజుకో రకంగా మారిపోతుంది. సాధారణంగా ఉండే కారణాలు ఇవి:

- అమ్మాలి. మంచి ధర రావాలి.
- అసలైనదో నకిలీయో తేలాలి.
- ఇంట్లో పంపకాలకో, ఇన్సూరెన్స్‌కో నమ్మదగిన ఆధారం కావాలి.
- నచ్చిన నాణెం, భద్రంగా ఉండాలి.

మొదటి కారణమైతే 8వ భాగంలోని లెక్కే తీర్పు చెబుతుంది. రెండు, మూడు కారణాలైతే లెక్క కొంచెం నష్టం చూపించినా పంపడం సమంజసమే. అక్కడ మీరు ఫీజు కడుతున్నది నిశ్చింత కోసం. నాలుగో కారణానికి మాత్రం గ్రేడింగ్ అక్కర్లేదు. నాణేన్ని పెట్టుకునే మంచి ప్లాస్టిక్ క్యాప్సూల్ ఒకటి ఆ పని చాలా తక్కువ ఖర్చుతో చేస్తుంది.

3. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

☐ 5 రెట్ల నుంచి 10 రెట్ల వరకు పెద్దది చేసి చూపే లూప్
☐ 0.01 గ్రాము వరకు చూపే తూకం
☐ వ్యాసం, మందం కొలవడానికి కాలిపర్ (ప్లాస్టిక్‌దైతే నాణెం గీరుకోదు)
☐ ఒకే బల్బు ఉన్న టేబుల్ ల్యాంప్
☐ చిన్న, బలమైన అయస్కాంతం
☐ టేబుల్ మీద పరచడానికి మెత్తటి బట్ట

గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయండి. ట్యూబ్‌లైట్ వెలుగు అన్ని వైపులా పరుచుకుంటుంది కాబట్టి సన్న గీతలు అందులో కనబడవు. ఒక్క చోటి నుంచి వచ్చే వెలుగులోనే నాణెం తన లోపాలు చూపిస్తుంది.

నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. దాని మీద మాట్లాడకండి. తుంపర పడిన చోట తర్వాత మచ్చలు వస్తాయి, రాగి మీద మరీ ఎక్కువ.

4. మొదటి పరీక్ష: అసలైనదేనా?

ముందు బరువు. ఆ నాణేనికి అధికారికంగా ఎంత బరువుండాలో న్యూమిస్టా వంటి కేటలాగ్‌లో దొరుకుతుంది. పాత అమెరికా వెండి నాణెం మోర్గాన్ డాలర్ 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ 7.98 గ్రాములు, 22.05 మిల్లీమీటర్లు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. బాగా అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగితే సహజం. కొత్తదానిలా మెరుస్తూ గ్రాము తక్కువ తూగితే అనుమానించాల్సిందే. ఎక్కువ తూగితే ఇంకా గట్టిగా అనుమానించండి, అరుగుదల వల్ల బరువు పెరగదు.

తర్వాత అయస్కాంతం. వెండి, బంగారం, రాగి దానికి అంటుకోవు. అంటుకుంటే కథ అక్కడితో ముగిసింది. అంటుకోకపోతే మాత్రం అసలైనదని తేలినట్టు కాదు, ఇత్తడి నకిలీలు కూడా అంటుకోవు.

వెండి, బంగారు నాణేలకు నీటి పరీక్ష బాగా పనిచేస్తుంది:

- చిన్న గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి తూకం మీద పెట్టి, రీడింగ్ సున్నా చేయండి.
- నాణేన్ని సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుగుకీ పక్కలకీ తగలకూడదు.
- తూకం మీద కనబడే అంకెతో నాణెం అసలు బరువును భాగించండి. వచ్చేది సాంద్రత.

90 శాతం వెండి, 10 శాతం రాగి ఉన్న నాణేనికి ఇది 10.3 దగ్గర రావాలి. అంటే మోర్గాన్ డాలర్‌ని ముంచితే తూకం 2.6 గ్రాములకు కాస్త అటూ ఇటూ చూపాలి. సాంద్రత 8, 9 వస్తే అది 90 శాతం వెండి కాదు. పరీక్ష అయ్యాక నాణేన్ని రుద్దకుండా మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టండి. రాగి నాణేలను నీళ్లలో పెట్టకండి.

ఇక అంచు. చుట్టూ సన్నటి అతుకు గీత కనబడితే అది పోత పోసిన నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ. ఉపరితలం మీద చిన్న చిన్న బుడగ గుంటలున్నా అదే అనుమానం.

బరువూ లోహమూ సరిగ్గా ఉన్నా ఇంకో మోసం ఉంటుంది. మామూలు నాణెం మీద మింట్ మార్క్ (ఏ టంకశాలలో ముద్రించారో చెప్పే చిన్న అక్షరం) అతికించో, సంవత్సరంలో ఒక అంకె చెక్కో అరుదైనదిగా చేస్తారు. 1893-ఎస్ (ఎస్ అన్నది మింట్ మార్క్) మోర్గాన్ డాలర్ కేవలం 1,00,000 ముద్రించారు. అందుకే దాని పేరుతో ఇలాంటి మార్పిడి నాణేలు తిరుగుతుంటాయి. మింట్ మార్క్ అడుగున, అది ఉపరితలాన్ని కలిసే చోట లూప్‌తో చూడండి. అక్కడ సందు గీత కానీ, రంగు తేడా కానీ ఉండకూడదు.

అరుదైన సంవత్సరం, అరుదైన మింట్ మార్క్ ఉండి, పై పరీక్షలన్నీ దాటిన నాణేన్ని దాదాపు ఎప్పుడూ పంపడమే మంచిది, అది ఎంత అరిగినా సరే. అలాంటి నాణేన్ని విడిగా చూపిస్తే కొనేవాడు "నకిలీ అయితే?" అన్న భయాన్ని ధరలోంచే కోసుకుంటాడు.

5. రెండో పరీక్ష: ఎవరైనా తోమారా?

నాణేలు పంపినవాళ్లలో ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఇక్కడే. అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

తోమిన నాణేనికి సంస్థలు మామూలు అంకె గ్రేడ్ ఇవ్వవు. "డీటెయిల్స్" అని రాసి, కారణం పక్కన వేస్తాయి: తోమినది, గీతలు పడినది, రంధ్రం పూడ్చినది, నగలోంచి తీసినది, తుప్పు పట్టినది. ఫీజు మాత్రం మామూలుగానే తీసుకుంటారు. ఆ మాట లేబుల్ మీద పడితే ధర బాగా పడిపోతుంది, కొనడానికి వచ్చేవాళ్లూ తగ్గుతారు.

ముందు మెరుపు సంగతి తెలుసుకోవాలి. డై (బొమ్మ ముద్రించే అచ్చు) గట్టిగా నొక్కినప్పుడు లోహం మధ్యలోంచి అంచుల వైపు ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం కంటికి కనబడని సన్న గీతలను వదులుతుంది. దీపం కింద నాణేన్ని కొద్దిగా వంచి తిప్పితే వెలుగు పట్టీలు బండి చక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతాయి. ఆ తిరిగే మెరుపునే లస్టర్ అంటారు. అరుగుదల ఆ గీతలను చదును చేస్తుంది. తోమడం వాటి మీద కొత్త గీతలు గీస్తుంది. కెమికల్ డిప్ (శుభ్రం చేసే ద్రావకంలో ముంచడం) పలుమార్లు చేస్తే వాటిని కరిగించేస్తుంది. ఒకసారి పోయిన లస్టర్‌ని ఎవరూ తిరిగి తేలేరు.

కాబట్టి నాణెం తెల్లగా తళతళలాడుతోందా అని చూడకండి. వంచినప్పుడు ఆ వెలుగు తిరుగుతోందా, ఉన్నచోటే ఉండిపోయిందా అని చూడండి. తెల్లగా ఉండి వెలుగు కదలకపోతే దాన్ని ఎవరో శుభ్రం చేశారు.

దీపం కింద ఈ జాడలు ఒక్కొక్కటిగా వెతకండి:

☐ ఒకే దిశలో, పక్కపక్కనే, గుంపుగా ఉన్న సన్న గీతలు (బట్టతో తుడిచిన గుర్తు)
☐ మధ్యలో తెల్లగా, అక్షరాల సందుల్లో మాత్రం నల్లగా మురికి (తోమినప్పుడు సందుల్లోకి చేయి వెళ్లదు)
☐ అక్షరాల ఒక పక్కకి లోహం నెట్టినట్టు గట్టు కట్టడం (తిరిగే వైర్ బ్రష్ పని)
☐ ఇటుక గులాబీ రంగులో మెరిసే పాత రాగి నాణెం (పాత రాగికి సహజంగా ఆ రంగుండదు)
☐ అంచు మీద టంకం మచ్చ, లేదా గట్టు నొక్కుకుపోవడం (కొక్కెం తగిలించి నగగా వాడారు)

విడి విడిగా, రకరకాల దిశల్లో ఉన్న గీతలు వేరు. నాణేలు సంచిలో ఒకదానికొకటి తగిలినప్పుడు పడే దెబ్బలవి. వాటి వల్ల గ్రేడ్ తగ్గుతుంది కానీ డీటెయిల్స్ పడదు.

టోనింగ్ (కాలంతో లోహం మీద వచ్చే రంగు మార్పు) చూసి భయపడకండి. గాలిలోని గంధకం వల్ల వెండి బంగారు రంగులోకి, ఎరుపులోకి, నీలంలోకి, చివరికి నలుపులోకి మారుతుంది. దాని కింద లస్టర్ తిరుగుతూ కనబడితే ఆ నాణెం ముట్టుకోని నాణెమని గట్టి సూచన. మంచి టోనింగ్‌కి ఎక్కువ ధర ఇచ్చేవాళ్లున్నారు. ఇంట్లో ఎవరైనా దాన్ని "మురికి" అని చింతపండుతోనో పళ్ల పొడితోనో తోమబోతే దయచేసి ఆపండి. ఆ అయిదు నిమిషాల పని నాణెం విలువలో పెద్ద భాగాన్ని తీసుకుపోతుంది.

ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉన్న నాణేల మీద ఆకుపచ్చని జిగట పొర ఏర్పడుతుంది. అది లోహాన్ని తినేస్తూ పోతుంది, దాంతో పంపితే గ్రేడ్ రాదు. వెండి, బంగారు నాణేలైతే స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో కాసేపు ఉంచి, రుద్దకుండా తీసి, ఇంకోసారి తాజా అసిటోన్‌లో ముంచి ఆరబెట్టవచ్చు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గోళ్ల రంగు తీసే ద్రావకం వాడకండి, అందులో వేరే పదార్థాలు కలుస్తాయి. విలువైన నాణెమని అనుమానం ఉంటే ఇదీ మీరు చేయకండి. పీసీజీఎస్, ఎన్‌జీసీ అన్నవి పేరున్న గ్రేడింగ్ సంస్థలు. ఎన్‌జీసీకి అనుబంధంగా ఎన్‌సీఎస్, పీసీజీఎస్‌లో రెస్టొరేషన్ విభాగం ఈ పని కోసమే ఉన్నాయి.

6. మూడో పరీక్ష: గ్రేడ్ అంచనా

ఒకే అంకె రాయకండి. మూడు రాయండి: వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది, దాని కింది మెట్టు, పై మెట్టు.

మొదట అరుగుదల ఉందో లేదో చూడండి. ప్రతి నాణెం మీదా ఎత్తుగా ఉండే చోట్లే ముందు అరుగుతాయి. మోర్గాన్ డాలర్‌లో చెవి పైనున్న జుట్టు, చెంప, వెనక వైపు గద్ద రొమ్ము. రాజు, రాణి బొమ్మలున్న నాణేల్లో చెంప, కనుబొమ్మ, కిరీటం. నాణేన్ని వంచుతూ తిప్పండి. లస్టర్ ఆ ఎత్తు మీదుగా తెగకుండా పోతే అరగలేదు. ఎత్తు దగ్గరికి రాగానే వెలుగు తెగి, అక్కడ మసక బూడిద రంగు మచ్చ కనబడితే అరిగింది. అంటే 60 కింద.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ముద్రించేటప్పుడు డై సరిగ్గా నొక్కకపోతే కూడా జుట్టు గీతలు చదునుగా ఉంటాయి. ఆ చదును మీద లస్టర్ ఉంటే అది బలహీనమైన ముద్ర. లస్టర్ లేకపోతే అరుగుదల. గీతలున్నాయా లేవా అని చూస్తే ఈ తేడా తెలియదు.

అరగలేదని తేలాక దెబ్బలు చూడండి. ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ఎక్కడున్నాయన్నది ముఖ్యం. చెంప మధ్యలో పడ్డ ఒక్క లోతైన దెబ్బ, జుట్టులో కలిసిపోయిన నాలుగు చిన్న దెబ్బల కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

అమెరికా నాణేలకు పీసీజీఎస్ ఫోటోగ్రేడ్‌లో గ్రేడ్ వారీ ఫోటోలు ఉచితంగా చూడవచ్చు. మిగతా దేశాల నాణేలకు వేలం సంస్థల పాత రికార్డుల్లో అదే నాణెం, వేర్వేరు గ్రేడ్లలో ఉన్న పెద్ద ఫోటోలు వెతకండి. మీ నాణేన్ని కింది గ్రేడ్ ఫోటో నుంచి మొదలుపెట్టి పైకి పోల్చుకుంటూ రండి. పై నుంచి మొదలుపెడితే కన్ను అక్కడే ఆగుతుంది.

అంచనా రాసిన కాగితం పక్కన పెట్టేసి, కొన్ని రోజులాగి మళ్లీ కొత్తగా రాయండి. రెండూ వేరైతే తక్కువదాన్నే తీసుకోండి.

7. ధరలు ఎక్కడ, ఎలా చూడాలి

ధరల గైడ్‌లలో ఉండే అంకె ఒక అంచనా మాత్రమే. మీకు కావాల్సింది నిజంగా అమ్ముడైన ధర. హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ వంటి వేలం సంస్థల పాత రికార్డులు, ఈబేలో "అమ్ముడైనవి" అన్న ఫిల్టర్ దీనికి పనికొస్తాయి. ఎవరో అడుగుతున్న ధర లెక్కలోకి రాదు.

- అదే సంవత్సరం, అదే మింట్ మార్క్, అదే గ్రేడింగ్ సంస్థ, అదే గ్రేడ్ ఉన్న ఇటీవలి అమ్మకాలు అయిదారు తీసుకోండి.
- అన్నిటికంటే ఎక్కువ ధరను వదిలేయండి. దాని వెనక అసాధారణమైన టోనింగో, ఇద్దరు పట్టుదల గల కొనుగోలుదారులో ఉంటారు.
- మీ అంచనాలోని మూడు గ్రేడ్లకీ, డీటెయిల్స్‌కీ, విడి నాణేనికీ విడివిడిగా చేయండి.
- వేలం రికార్డులో చూపే ధరలో చాలాసార్లు కొనేవాడు కట్టిన అదనపు కమీషన్ కూడా కలిసి ఉంటుంది. అమ్మినవాడికి అది అందదు. దాన్ని తీసేసి రాసుకోండి.

పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండూ ఏ గ్రేడ్‌లో ఎన్ని నాణేలు వచ్చాయో లెక్కలు పెడతాయి. దాన్ని పాపులేషన్ రిపోర్ట్ అంటారు. 1881-ఎస్ మోర్గాన్ డాలర్‌ని చూడండి: 1 కోటి 27 లక్షలకు పైగా ముద్రించారు, మంచి ముద్రతో వచ్చింది, పెద్ద సంఖ్యలో భద్రంగా మిగిలింది. మంచి గ్రేడ్లలోనే గుట్టలుగా ఉన్న అలాంటి నాణేనికి మామూలు గ్రేడ్ వస్తే ఖర్చు తిరిగి రావడం కష్టం. ఈ రిపోర్టులో ఒకే నాణేన్ని మళ్లీ మళ్లీ పంపిన లెక్కలు కూడా కలుస్తాయని గుర్తుంచుకోండి.

8. అసలు లెక్క

ముందు మొత్తం ఖర్చు. ఫీజు ఒక్కటే చూసి మోసపోతారు. అన్నీ కలపండి:

☐ గ్రేడింగ్ ఫీజు (నాణెం విలువను బట్టి శ్రేణులుంటాయి)
☐ ఒక్కో ఆర్డర్‌కి ఉండే హ్యాండ్లింగ్ రుసుము
☐ సభ్యత్వ రుసుము, లేదా డీలర్ తీసుకునే కమీషన్
☐ వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రవాణా, ఇన్సూరెన్స్
☐ దేశం దాటితే కస్టమ్స్
☐ ప్రత్యేక రకం పేరు లేబుల్ మీద రాయించాలంటే అదనపు రుసుము

నాణేలు ఎక్కువగా పంపితే హ్యాండ్లింగ్, రవాణా పంచుకుపోతాయి. ఒక్క నాణెం పంపితే అంతా దాని మీదే పడుతుంది.

ఇప్పుడు ఊహాజనితమైన అంకెలతో ఒక ఉదాహరణ. విడి నాణెంగా అమ్మితే 100 వస్తుందనుకోండి. మొత్తం గ్రేడింగ్ ఖర్చు 40. అమ్మకపు కమీషన్ ఎలా అమ్మినా 10 శాతం. ఫలితాలు ఇలా ఉండొచ్చు:

- డీటెయిల్స్: ధర 70, అవకాశం 10 శాతం
- ఎంఎస్ 63: ధర 130, అవకాశం 35 శాతం
- ఎంఎస్ 64: ధర 180, అవకాశం 45 శాతం
- ఎంఎస్ 65: ధర 400, అవకాశం 10 శాతం

ఒక్కో ధరను దాని అవకాశంతో గుణించి కలిపితే 173.5. కమీషన్ పోగా 156. ఖర్చు 40 పోగా 116 మిగులుతుంది. విడిగా అమ్మితే కమీషన్ పోగా 90. అంటే పంపితే 26 లాభం. బాగానే ఉంది.

ఇప్పుడు ఎంఎస్ 65 వరస కొట్టేసి, ఆ 10 శాతాన్ని ఎంఎస్ 63కి కలపండి. మొత్తం 146.5 అవుతుంది. కమీషన్ పోగా దాదాపు 132, ఖర్చు పోగా 92. విడిగా వచ్చే 90కీ దీనికీ తేడా 2 మాత్రమే. ముందు కనబడిన లాభమంతా ఆ పదిలో ఒక్క అవకాశంలోంచే వచ్చింది.

నా నియమం ఇదే: పై గ్రేడ్ కొట్టేశాక కూడా చెప్పుకోదగ్గ లాభం మిగిలితేనే పంపండి. ఒకేలాంటి నాణేలు చాలా ఉన్నవాళ్లకు పదింట ఒకటి తగిలితే సరిపోతుంది. మీ దగ్గరున్నది ఒక్కటే అయితే సగటు మిమ్మల్ని ఆదుకోదు.

9. లెక్క వేయకుండానే చెప్పగలిగినవి

పంపదగినవి: అరుదైన సంవత్సరాల నాణేలు, నకిలీలు ఎక్కువగా తిరిగే నాణేలు, ఒక్క మెట్టులో ధర బాగా పెరిగే చోట మీ నాణెం ఆ పై మెట్టుకీ సురక్షితంగా చేరేలా ఉన్నవి, మీరు ఎదురుగా లేని కొనుగోలుదారుకి అమ్మబోయే ఖరీదైనవి.

పంపనవసరం లేనివి: లోహం విలువకి కాస్త పైన మాత్రమే పలికేవి, బాగా అరిగిన మామూలు నాణేలు, తోమిన మామూలు నాణేలు. ఈ కాలపు వెండి బులియన్ నాణేలదీ (లోహం విలువ కోసం కొనేవి) ఇదే తీరు. అమెరికన్ సిల్వర్ ఈగిల్ వంటివి 69 గ్రేడ్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. 70 వస్తేనే గిట్టుబాటు, అది మీ చేతిలో లేదు.

ప్రాచీన నాణేల సంగతి వేరు. చేత్తో కొట్టిన నాణెం ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటుంది. ఎన్‌జీసీ ప్రాచీన నాణేలకు గ్రేడ్‌తో పాటు ముద్రకీ ఉపరితలానికీ 5కి మార్కులు వేస్తుంది. అయినా ఈ రంగంలో చాలామంది నాణేన్ని చేత్తో పట్టుకునే చూడాలనుకుంటారు. పాత కొనుగోలు రశీదులు ఉంటే అవి స్లాబ్ అంత పని చేస్తాయి.

10. ఏ సంస్థ?

కొనేవాళ్లు ఎక్కువగా నమ్మేవి పీసీజీఎస్, ఎన్‌జీసీ. ఎనాక్స్, ఐసీజీ కూడా పాతవే, కానీ వాటి స్లాబ్‌లకు అదే గ్రేడ్‌లో తరచూ తక్కువ ధర వస్తుంది. మీ నాణేనికి ఏది మేలో 7వ భాగంలో రాసుకున్న అమ్మకాలే చెబుతాయి.

పేరు వినని సంస్థ తక్కువ ఫీజుకు ఎంఎస్ 68 ఇస్తే ఆ లేబుల్‌ని ఎవరూ లెక్కచేయరు. ఆ డబ్బు వృథా.

నేరుగా పంపడానికి సాధారణంగా సభ్యత్వం కావాలి. ఒకటి రెండు నాణేలకు అధీకృత డీలర్ ద్వారా పంపడమే చవక. ఆ డీలర్ పేరు సంస్థ సొంత జాబితాలో ఉందో లేదో మీరే చూడండి.

వందేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడానికి కొన్ని దేశాల్లో నిషేధమో, అనుమతులో ఉంటాయి. ఇది పార్సిల్ కట్టాక చూసే విషయం కాదు. విదేశానికి పంపాల్సి వస్తే అన్నిటికంటే ముందు ఈ నియమం తెలుసుకోండి.

11. పంపేటప్పుడు

☐ రెండు వైపులా, అంచుకీ స్పష్టమైన ఫోటోలు తీయండి. బరువు రాసి పెట్టుకోండి.
☐ పీవీసీ లేని మైలార్ ఫ్లిప్‌లో (పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ కవర్) ఒక్కో నాణేన్ని విడిగా పెట్టండి.
☐ అట్ట హోల్డర్‌లో ఉంటే ముందు స్టేపుల్స్ అన్నీ పీకేసి, తర్వాతే నాణెం తీయండి. తొందరపడి లాగితే స్టేపుల్ కొన చెంప మీద గీత గీస్తుంది.
☐ ఫారంలో సంవత్సరం, మింట్ మార్క్, దేశం, విలువ సరిచూడండి.
☐ ప్రకటించే విలువ నిజాయితీగా రాయండి. తక్కువ రాస్తే పార్సిల్ పోయినప్పుడు అంతే వస్తుంది.
☐ డబ్బాలో నాణేలు కదలకుండా సర్దండి. ఊపితే చప్పుడు రాకూడదు.
☐ బయట "నాణేలు" అన్న మాట ఎక్కడా రాయకండి.

12. తిరిగి వచ్చాక

ముందు సర్టిఫికేషన్ నంబర్‌ని సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. వివరాలూ ఫోటో ఉంటే ఫోటో కూడా కలవాలి. స్లాబ్‌లో ఉన్న నాణెం కొనేటప్పుడూ ఇదే చేయండి, నకిలీ స్లాబ్‌లు కూడా ఉన్నాయి.

అనుకున్న దాని కంటే గ్రేడ్ తక్కువ వస్తే వెంటనే మళ్లీ పంపాలనిపిస్తుంది. ఆగండి. మీ ఫోటోలు తీసి, ఆ గ్రేడ్ ఎందుకు వచ్చిందో దీపం కింద వెతకండి. చాలాసార్లు మీరు చూడని ఒక గీత బయటపడుతుంది. గీతేమీ కనబడక, పై మెట్టుకి ధర తేడా రెండో విడత ఖర్చుకి ఎన్నో రెట్లు ఉంటేనే మళ్లీ పంపడం గురించి ఆలోచించండి. కోపంతో స్లాబ్ పగలగొట్టవద్దు. పగలగొడితే గ్రేడ్ పోతుంది, సంస్థ ఇచ్చే హామీ పోతుంది, ఒక్కోసారి నాణెమూ దెబ్బతింటుంది.

స్లాబ్‌లోకి గాలి పూర్తిగా చొరబడకుండా ఉండదు. రాగి లోపల కూడా రంగు మారవచ్చు, ఆ మార్పుకు సాధారణంగా హామీ వర్తించదు. తేమ లేని చోట, సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి.

13. పంపకూడదని తేలితే

బిగుతుగా పట్టే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ కొనండి. పెట్టేముందు నాణేన్ని తుడవకండి. రబ్బరు బ్యాండ్లు, మామూలు కాగితపు కవర్లు, మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లు దగ్గర పెట్టకండి. రబ్బరులోనూ కొన్ని కాగితాల్లోనూ గంధకం ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది.

క్యాప్సూల్‌తో పాటు ఒక కార్డు పెట్టండి. దాని మీద బరువు, వ్యాసం, సాంద్రత, మీరు రాసుకున్న మూడు గ్రేడ్లు, ఎవరి దగ్గర ఎప్పుడు వచ్చిందో, పంపకూడదని ఎందుకు అనుకున్నారో రాయండి. ధరలు మారినప్పుడు మళ్లీ 8వ భాగం లెక్క వేయడానికి ఆ కార్డు చాలు, నాణేన్ని బయటికి తీయాల్సిన పనుండదు.